చెల్లెలిని ఆపిన చేయి

మొన్న హైదరాబాదులో విమానం దిగగానే ఫినాయిలు వాసన గుప్పుమంది. ఏదో దేశంలో అంటుజ్వరాలు ప్రబలాయట, మా అందరినీ వరుసలో నిలబెట్టారు. మూతికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నా నుదుటి దగ్గర చిన్న యంత్రం పెట్టి, మొహమైనా చూడకుండా పొమ్మంది. నా వెనుక ఉన్నాయన విసుక్కుంటున్నాడు. నాకు మరియమ్మక్క గుర్తుకు వచ్చింది.

నిజాం పాలన చివరి రోజులవి. జడ్చర్లలో ఉంటూ ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ని. మరియమ్మక్క సర్కారు దవాఖానలో నర్సు. మా పక్కింట్లో, మంచం పట్టిన తల్లితో ఉండేది. ప్లేగు ఉన్న ఊళ్ల మీదుగా రైలు వచ్చే రోజుల్లో ఆమెకు స్టేషనులో డ్యూటీ. మగవాళ్లను డాక్టరు చూసేవాడు. ఆడవాళ్లను ఆమె దుప్పటి చాటుకు పిలిచి, చంకల్లో, గజ్జల్లో గడ్డ ఉందేమో తడిమేది. జ్వరమూ గడ్డా ఉంటే, ప్లేగో కాదో తేలేదాకా స్టేషను వెనుక రేకుల షెడ్డే గతి. "నీ చేతులు పడిపోను! మా ముసలోడు గూడ గిట్ల తడమలే" అని ఒక అవ్వ తిడితే, "గాయన బద్ధకస్తుడు గావచ్చు, చెయ్యి లేపు అవ్వా" అంది. దుప్పటి ఇవతల జనం పగలబడి నవ్వారు.

ఆ చలికాలం తల్లికి జబ్బు బాగా ముదిరిందని కబురు పెడితే, కర్నూలు వైపు నుంచి చెల్లెలు శాంతమ్మ వచ్చింది. వార్తల కోసం నేనూ స్టేషనులోనే ఉన్నాను. దుప్పటి వెనుక నుంచి మాటలు వినిపించాయి.

"ఒళ్లు కాలుతాంది గదనే. గీ గడ్డ ఎప్పటిసంది?"

"సెగగడ్డనే అక్కా. ఒక్కసారి అమ్మ మొకం చూసొస్త. వాకిట్లనే నిలబడ్త. నువ్వు చూడలేదనుకో."

"చూసిన గద చెల్లే."

శాంతమ్మ ఏడుస్తూ శాపనార్థాలు పెడుతుంటే, అక్క ఆమెను షెడ్డుకు నడిపించింది. సాయంత్రం తల్లి, "చిన్నది వచ్చిందా?" అని అడిగింది. "తొవ్వల ఉన్నదమ్మా" అంది మరియమ్మక్క. మర్నాడు తల్లి పోయింది. మట్టి చేసేటప్పుడు శాంతమ్మ షెడ్డులోనే ఉంది.

కొన్నాళ్లకు గడ్డ పగిలింది, జ్వరం దిగింది. ప్లేగు కాదు, ఉట్టి సెగగడ్డే. శాంతమ్మ తిరుగుబండి ఎక్కుతూ, అక్క తెచ్చిన సద్దిమూటను ప్లాట్‌ఫారం మీదే వదిలేసింది. మళ్లీ ఎన్నడూ అక్క గడప తొక్కలేదు.

"ముందే తెలిసుంటే వదిలేదానివా అక్కా?" అని అడిగాను.

"తెలిస్తే ఎవరైన వదుల్తరు తమ్మీ. తెల్వకనే గద ఆపేది."

తర్వాతి బండి వరుసలో ఎవరో, "సొంత చెల్లెనే ఉత్తగ ఆపిందట, రాతి గుండె" అన్నారు వినపడేలా. ఆమె విన్నది. "చెయ్యి లేపమ్మా" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. నిర్ధారణ కాని కబురు పట్టుకొచ్చి, ఇవాళే అచ్చు వేయమని మనుషులు కాళ్లావేళ్లా పడేవారు. తెలియనప్పుడు ఆపాను. ఆపిన వాటిలో కొన్ని నిజాలేనని తర్వాత తేలింది. వాటి తాలూకు వాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆపడం తప్పని అనుకోను. బాధ మాత్రం పోలేదు. మరియమ్మక్కకూ పోయి ఉండదు.