భట్టీలో దొరయ్య

అన్నం భట్టీలో పెడితే ఇగిరిపోతుందని మా అమ్మ నాతో చెప్పినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకైనా చెప్పదగ్గ అబద్ధం కాదది. ఇగిరితే పళ్ళెమంతా ఇగరాలి గానీ, ఒక్క మూలే గరిటెతో కోసినట్టు ఎలా ఇగురుతుంది? అదే అడిగాను. "పోయి ఎక్కాలు చదువుకో" అంది అమ్మ. అబద్ధం ఆడటం చేతకాని తల్లులందరికీ ఎక్కాలే దిక్కు.

ముందు ఆ అన్నం సంగతి చెప్పాలి. మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, యుద్ధానికి ముందు నుంచీ స్టీమరులో వంటవాడు. ఒకసారి జపాను రేవులో ఓడ మరమ్మతుకు ఆగిపోతే, మూడు నెలలు అక్కడి హోటల్లో గిన్నెలు తోమి ఓ వంట నేర్చుకుని వచ్చాడు. చలికాలంలో అక్కడివాళ్ళు ఊదుకుంటూ ఊదుకుంటూ తింటారట. అడుగున వెన్నలో ఉల్లిపాయలు, మిరియాల పొడి వేసి వేయించిన అన్నం. దానిమీద ఉడికించిన కోడిమాంసం ముక్కలు. ఆపైన తెల్లటి గుజ్జు. ఆ గుజ్జు దగ్గరే ఉంది అసలు పని. మైదాను వెన్నలో పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. అది కలిపేటప్పుడు ఎవరైనా పలకరిస్తే అమ్మ గరిటె చూపించేది. పైన పరచడానికి డబ్బా చీజు దొరికితే చీజు, దొరక్కపోతే మీగడ, రొట్టె పొడి. చివర్న భట్టీలో పెట్టి, పైభాగం దోరగా కాలేదాకా ఉంచాలి.

మామ దాని పేరు దోరియా అన్నాడు. దోరగా కాలుతుంది కనుక దోరయ్య అంది అమ్మ. మా నోళ్ళలో పడి అది దొరయ్య అయి కూర్చుంది. నాన్న గుంటూరు మనిషి, రైల్వేలో గుమాస్తా. "విశాఖపట్నం మీద బాంబులేసినవాళ్ళ అన్నం మనకెందుకే" అని విసుక్కుంటూనే రెండోసారి వడ్డించుకునేవాడు. యుద్ధం మధ్యలో మామ ఉత్తరాలు ఆగిపోయాయి. ఓడ మునిగిందని ఎవరూ చెప్పలేదు, మునగలేదనీ చెప్పలేదు. అమ్మ మాత్రం చలి మొదలవగానే దొరయ్యను చేసేది.

సికింద్రాబాదు మెట్టుగూడలో మా రైల్వే క్వార్టరు వెనక సందులో బేకరీ ఉండేది. దాని యజమానిని మేం చాచా అనేవాళ్ళం. తెల్లవారుజామున రొట్టెలు కాల్చాక మధ్యాహ్నానికి భట్టీ వేడి మెత్తబడుతుంది. చుట్టుపక్కల క్రిస్టియన్ ఇళ్ళవాళ్ళందరం క్రిస్మస్ కేకులు అక్కడికే పట్టుకెళ్ళేవాళ్ళం. మా దొరయ్య కూడా ఆ వేడిలోనే కాలేది. పళ్ళెం తీసుకెళ్ళడం, కాలాక గుడ్డ కప్పి ఇంటికి తేవడం నా పని.

నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడు సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. అయిదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. అంతకు ముందు వేసవిలో మా వీధిలో లాఠీలతో కవాతు చేసిన రజాకార్లలో చాచా తమ్ముడూ ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మా గేటు ముందు ఆగి, లాఠీ నేలకేసి కొట్టి నవ్వాడు. నేను అమ్మ కొంగులో దూరాను. సెప్టెంబరు తర్వాత అతను మళ్ళీ కనబడలేదు. పారిపోయాడన్నారు, పీడా పోయిందనుకున్నాను.

సరిగ్గా ఆ చలికాలమే పళ్ళెంలో మూల ఖాళీ అవడం మొదలైంది. పైగా ఎన్నడూ లేనిది అమ్మ ప్రతి శనివారం దొరయ్యను చెయ్యసాగింది. ఎర్రగా కాలిన మూల అంటే నాకు ప్రాణం. అదే మాయమయ్యేది. చాచా దొంగ, మా అమ్మ నోరులేని మనిషి అని నిశ్చయించుకున్నాను. మూడో శనివారం దొంగను పట్టుకుందామని పళ్ళెం ఇచ్చేసి వెళ్ళిపోకుండా బేకరీలో కట్టెల పక్కన నక్కి కూర్చున్నాను. చాచా పళ్ళెం బయటికి లాగాడు. గరిటెతో మూల కోసి సత్తు పళ్ళెంలో వేశాడు. పిండి బస్తాల గది తలుపు కాస్త తెరిచి, ఆ సందులోంచి దాన్ని లోపలికి అందించాడు. నేను ఏడుస్తూ బయటికి పరుగెత్తాను.

సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉండేది. ఆ బండి ఆమె నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చింది. వెట్టికి పోనన్నందుకు వాళ్ళ ఊరి దొర ఆమె మొగుణ్ణి కొట్టించాడనీ, అతను మంచానపడి చనిపోయాడనీ అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ దొర కమ్యూనిస్టు సంఘంవాళ్ళకు భయపడి ఊరు విడిచి పట్నంలో ఎక్కడో దాక్కున్నాడని కూడా విన్నాను. విన్నాను గానీ, మా దొరయ్యకూ ఆ దొరకూ చుట్టరికం కలుస్తుందని నాకేం తెలుసు?

"ఏమైంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?" అంది, నాన్న చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"బేకరీ చాచా దొరయ్యను దాస్తున్నాడు."

"ఏందీ? ఎవర్ని?"

"దొరయ్యను! పిండి బస్తాల గదిలో దాస్తున్నాడు. నేను చూశా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "నీ కండ్లతోటి చూసినవా?"

"చూశా. మా అన్నం తీసి ఆ గదిలో పెడుతున్నాడు. మాకేమో మూల లేకుండా పంపుతున్నాడు."

"తింటున్నడా..." అంది ఆమె. నాతో అన్నట్టు లేదు. "నా ఇల్లు ఆర్పి, ఈడ సల్లగ గూసొని తింటున్నడా." కొంగు నడుముకు బిగించి నడిచింది. ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. గుడ్డ కాలిన వాసన వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పెట్టెను ఎత్తే ధైర్యం లేక, నేనూ ఆమె వెనకాలే పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి బేకరీ ముందు పదిహేనుమంది చేరారు. "దొరా, బయటికి రా! ఆడదానికి ముఖం సూపియ్యి!" అని ఆమె అరుస్తోంది. చాచా అయోమయంగా చూస్తున్నాడు. రోడ్డు మీద పోతున్న జీపు ఆగింది. అందులోంచి ముగ్గురు ఖాకీ బట్టలవాళ్ళు దిగారు. ఊరికి కొత్త, హిందీలో మాట్లాడుతున్నారు. ఎవరిని దాచావని చాచాను అడిగారు. తమ ఊరి దొరను దాచాడని ఆమె అంది. ఎవరు చెప్పారంటే నన్ను చూపించింది.

చాచా నన్ను చూశాడు. అర్థమైపోయింది. అంత గోలలోనూ ఆయన నవ్వాడు. "అరే అమ్మా, దొరయ్య అంటే మనిషి కాదు, ఖానా! జెర ఆగు, సూపిస్తా" అని లోపలికి వెళ్ళి మా పళ్ళెం పట్టుకొచ్చాడు. పైన బంగారంలా కాలిన పొర, ఇంకా పొగలు. "ఇదే మీ దొర. పట్టుకపోండ్రి!"

జనం ఘొల్లుమన్నారు. ఖాకీవాళ్ళూ నవ్వారు. ఇస్త్రీ ఆమె పళ్ళెం వంక అలా చూస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అక్కడితో అయిపోయేది. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది.

ఖాకీవాళ్ళలో పెద్దాయన పళ్ళెంలోకి వంగి చూసి, నవ్వుతూనే, ఈ మూల ఎవరు తిన్నారని అడిగాడు.

"నేనే తిన్న సాబ్" అన్నాడు చాచా.

అంతమంది నన్ను చూసి నవ్వారు. నా మాట ఒక్కరూ నమ్మలేదు. పైగా దొంగతనం చేసినవాడు అబద్ధం కూడా ఆడుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. "అబద్ధం! ఆయన తినలేదు. ఆ గదిలోకి ఇచ్చాడు" అని వేలు పెట్టి చూపించాను.

నవ్వులు ఆగిపోయాయి. చాచా చేతిలో పళ్ళెం కొంచెం వంగింది. పక్కాయన వెళ్ళి గది తలుపు తన్నాడు.

పిండి బస్తాల వెనక నుంచి బయటికి లాగిన మనిషిని నేను మొదట గుర్తుపట్టలేదు. తలా కనుబొమలూ అంతా పిండి, ముసలివాడిలా ఉన్నాడు. చేతిలో సత్తు పళ్ళెం అలాగే ఉంది. గడ్డానికి రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి. వేసవిలో మా గేటు ముందు లాఠీ కొట్టినవాడు. ఇప్పుడు లాఠీ పట్టిన ఆ చేతిలో చెంచా ఉంది. నేను వెతికింది అన్నాన్ని. దాని వెనక మనిషి ఉంటాడని నాకు తట్టనే లేదు.

మొదట నోరు విప్పింది ఇస్త్రీ ఆమే. "గీయన దొర కాదు సారూ" అంది. ఎవరూ వినకుండా అతన్ని జీపు ఎక్కిస్తుంటే అడ్డం వెళ్ళింది. "నేను జెప్పింది గీయన గురించి గాదు. పోరడు సారూ, ఇడ్శిపెట్టుండ్రి. తప్పు నాది." ఆమెను పక్కకు నెట్టి జీపు వెళ్ళిపోయింది. చాచా పళ్ళెం మీద గుడ్డ కప్పి నా చేతుల్లో పెట్టాడు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుంది.

"నీకు తెలుసా అమ్మా, లోపల ఉన్నది అతనని?"

"తెలుసు. నేనే పెట్టమన్నాను."

అది నాకు రెండో దెబ్బ. "వాడు మన గేటు ముందు..."

"ఆ, కొట్టాడు. నేను మర్చిపోయాననుకున్నావా?" అంది. "నా తమ్ముడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలీదు. ఏ గదిలోనో నక్కి ఉంటే ఎవరో ఒక తల్లి ఇంత పెట్టకపోతుందా అనుకుంటూ బతుకుతున్నా. చాచా వచ్చి తమ్ముడని చెప్పుకుని ఏడ్చాడు. ఆ మాటకు నేనేం చెయ్యను?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి గురించి ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. మొదటి మాట పొరపాటు, పిల్లమాట, దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. రెండో మాట పొరపాటు కాదు, నిజం. నవ్వినందుకు కసితో చెప్పిన నిజం. దాన్ని మాత్రం ఎటు తిప్పినా మింగలేకపోతున్నాను. అతన్ని ఎన్నాళ్ళకో వదిలిపెట్టారని విన్నాం. మా వీధికైతే రాలేదు. ఇస్త్రీ ఆమె మా నాన్న చొక్కా కాలినందుకు బదులుగా నెలరోజులు మా బట్టలు ఊరికే ఇస్త్రీ చేసింది. అమ్మ వద్దన్నా వినలేదు. నాతో మాత్రం మళ్ళీ ఎన్నడూ "ఏమైంది బిడ్డా" అనలేదు.

తర్వాతి శనివారం అమ్మ మళ్ళీ దొరయ్యను చేసింది. నేను వెళ్ళనని ఏడ్చాను. "నువ్వే తీసుకెళ్ళాలి" అంది అమ్మ.

చాచా పళ్ళెం అందుకుని భట్టీలో పెట్టాడు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. పిండి బస్తాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. కాలాక పళ్ళెం బయటికి తీసి, గుడ్డ కప్పబోయి, ఆగి, నా ముందుకు వంచాడు.

"పూరా ఉంది బేటీ" అన్నాడు. "సూస్కో."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను చూశాను. నాలుగు మూలలూ ఉన్నాయి.