చదివి వినిపించని నివేదిక

ప్రెస్సు నుంచి వచ్చిన ఆహ్వానపత్రాల కట్ట విప్పగానే ఆరీ ఆరని సిరా వాసన ముక్కుకు తగిలింది. మా సంస్థ ఈ నెలలో జరపబోయే కార్యక్రమాలన్నీ అందులో వరుసగా ఉన్నాయి. పట్టణాల నీటి సరఫరా మీద చర్చ, పంటల బీమా మీద ప్రసంగం, చివరన మొదటి అనసూయ స్మారకోపన్యాసం. పక్కన ఆమె ఫొటో. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది. అందులోనూ ఫొటో తీసేవాడి మీద విసుక్కుంటున్నట్టే ఉంది. ఉపన్యాసం హైదరాబాదులో, ఏసీ హాల్లో, ఇంగ్లీషులో. అంశం ‘విధానాల రూపకల్పనలో ప్రజల గొంతు’. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కార్డు రాసింది నేనే కాబట్టి రెండూ మానేసి అచ్చుతప్పులు చూశాను.

ప్రభుత్వ విధానాల మీద అధ్యయనాలు చేసే మా సంస్థలో అనసూయక్క ఊళ్ల సర్వేలు చూసే సూపర్‌వైజరు. నారాయణపేట నేతవాళ్ల ఇంటి బిడ్డ. నేను కట్టంగూరు రైతుల ఇంటి పిల్లని. తెలంగాణ వచ్చిన కొత్తలో, చేతిలో పీజీ పట్టా, నెత్తిన దాని పొగరు పెట్టుకొని ఆమె కింద చేరాను. ఆమెకు ఒక పట్టు ఉండేది. ఏ ఇంట్లో ఫారం నింపితే ఆ ఇంట్లోనే, గడప దాటకముందే, రాసినదంతా పైకి చదివి వినిపించాలి. నివేదిక తయారయ్యాక మళ్లీ అదే వాడకు వెళ్లి చదవాలి. “రాసుకపోయినోళ్లే మళ్ల వచ్చి చదవాలె సుజాతా. లేకుంటె మనకూ దొంగలకూ ఏం ఫరక్?” అనేది.

మొదటిరోజే నాకు శాస్తి జరిగింది. నారాయణపేటలో ఆమె పుట్టిన వాడలోనే బాలమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్లాం. భర్త గుంటమగ్గం మీద చీర నేస్తున్నాడు. గోడ వారన ఆమె రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. నేను గబగబా ఫారం నింపి లేవబోయాను. అనసూయక్క కదల్లేదు. “చదువు” అంది. చదివాను. నేత కార్మికులు, ఒకరు. బాలమ్మ, పని ఏమీ లేదు. రాట్నం ఆగింది.

“పనిలేదా? మరి గీ కండెలు మీ అవ్వ వచ్చి సుట్టిందా బిడ్డా?”

మగ్గం మీద ఆయన పగలబడి నవ్వాడు. అనసూయక్క మాత్రం నవ్వలేదు. నా చేతిలో ఫారం తీసుకొని అడ్డంగా చింపి కొత్తది ఇచ్చింది. ఆ తర్వాత ఆ సర్వే అంతా ఆడవాళ్ల పని చుట్టూనే తిరిగింది. కండెలు చుట్టేవాళ్లనూ నేతవాళ్లుగా లెక్కించి గుర్తింపు ఇవ్వాలన్నదే మా నివేదిక సారం. వచ్చేటప్పుడు అనసూయక్క బాలమ్మ చెయ్యి పట్టుకొని, “పుస్తకం అయినంక తెచ్చి చదువుత. తప్పులుంటె నువ్వే చెప్పాలె” అంది.

పుస్తకం అయింది. వాడకు వెళ్లడానికి బండి అడిగితే మా డైరెక్టరు సారు చాలా మర్యాదగా కాదన్నారు. “నివేదిక వెళ్లాల్సింది సచివాలయానికి అనసూయగారూ. వాడలో చదివితే ఎవరికి లాభం?”

“తప్పులుంటె ఆళ్లే చెప్తరు సార్.”

“తప్పులు చూడటానికి మనకు నిపుణులున్నారు కదా.”

ఆ మాట పట్టించుకోకుండా ఆమె బస్సులోనే వెళ్లి ఉండేది. ఈలోగా మంచాన పడింది. నన్ను పిలిచి, “నువ్వన్న పోయి చదువు. బాలమ్మకు మాటిచ్చిన” అంది. సరే అక్కా అన్నాను. అప్పటికి నన్ను ఆఫీసులోకి మార్చారు. కుర్చీ, ఫ్యాను, పేరున్న బల్ల. ఈ వారం సదస్సు, వచ్చే వారం శిక్షణ. నారాయణపేట బస్సు రోజూ ఉంది, ఎక్కింది లేదు. ఎవరూ ఆపలేదు నన్ను. నాకే తీరిక దొరకలేదని చెప్పుకోవడం ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆమెను చూడబోయాను. చెయ్యి ఎముకలు తేలి రాట్నపు పుల్లలా ఉంది. పలకరింపు కూడా లేకుండా అడిగింది.

“చదివినవా?”

“చదివిన అక్కా.”

“బాలమ్మ ఏమన్నది?”

“మంచిగుందన్నది.”

“బాలమ్మ గట్లనదు. ఏదో ఒక తప్పు చెప్తది” అని, గోడవైపు తిరిగి, “జర నీళ్లియ్యి” అంది. నీళ్లు తాగించాను. ఆ వారంలోనే పోయింది.

బతికుండగా బండి ఇవ్వనివాళ్లు ఇన్నేళ్లకు ఇప్పుడు ఆమె పేరిట హాలు మాట్లాడారు. “మీరు ఆమెకు దగ్గర కదా, రెండు నిమిషాలు మాట్లాడండి. బాధపెట్టేవి వద్దు, స్ఫూర్తినిచ్చేవి చెప్పండి” అన్నారు డైరెక్టరు సారు. వాళ్లను తిట్టుకుంటూ ఇంటికి బయలుదేరాను. సగం దారిలో ఆ తిట్లన్నీ నాకే తగిలాయి. మర్నాడు సెలవు పెట్టి నారాయణపేట బస్సెక్కాను.

మగ్గం ఉంది, రాట్నం ముందు కోడలు ఉంది. బాలమ్మ అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నా గొంతు విని గుర్తుపట్టింది. అనసూయక్క పేరు ఎత్తగానే ముఖం ముడుచుకుంది.

“సచ్చిపోయిందని ఇన్నం. ఇచ్చిన మాట తప్పి పాయె గద బిడ్డా అనుకున్నం.”

పుట్టిన వాడలో ఆమెకు మిగిలిన పేరు అది. తప్పింది ఆమె కాదు, నేనని చెప్పాను. “చదువు మరి” అంది బాలమ్మ. చదివాను. చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

“పోగులతుకుడు ఏడ రాసినవ్? గది రాయలె. నా కండ్లు గా పనిలనే పాయె.”

పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయినప్పుడల్లా దాని కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని అది. వేల పోగులు. మా నిపుణులెవరికీ కనబడలేదు. అంచున పెన్నుతో రాసి, గడప దాటకముందే చదివి వినిపించాను. “గిప్పుడు సరే” అంది. ఆ పుస్తకం సచివాలయానికి చేరి ఎన్నో ఏళ్లయింది.

రేపే ఉపన్యాసం. స్ఫూర్తినిచ్చే మాటలేవీ నా దగ్గర లేవు. సంచిలో పెన్ను రాత ఉన్న ఆ ఒక్క పేజీ ఉంది, అదే చదువుతాను. హాలు చప్పట్లు కొట్టినా కొట్టకపోయినా నాకు పనిలేదు. దవాఖానలో అక్క నన్నడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇప్పుడు దొరికింది, వినే మనిషి లేకుండా పోయాక.

తప్పు చెప్పింది అక్కా, బాలమ్మ.