మక్కు పెట్టిన ఇంగ్లిష్ కుర్చీలు

1974 సెప్టెంబరులో ఒక గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఉప్పుగూడలోని మా ఇంటికి సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత సామాన్లు అమ్మే గురువారం సంత జుమ్మేరాత్ బజారులో, పద్నాలుగు అంగుళాల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల లోతు గల అట్టపెట్టె ఒకటి కొన్నాను. అంతకుముందు ఆదివారం పని చేసినందుకు ఆ రోజు నాకు సెలవు. అప్పటికి ఏడాదిగా ఒక ప్రభుత్వ కర్మాగారంలో యంత్రభాగాల డ్రాయింగులు గీస్తున్నాను. పెట్టె మూత మీద ‘అడుగుకు అంగుళం’ అని, మా డ్రాయింగుల మీద రాసే స్కేలులాగే, ఇంగ్లిషులో కనిపించేసరికి ఆగిపోయాను.

“బొమ్మలింటి ఫర్నిచర్ చెల్లె, ఇంగ్లండ్ మాల్. నువ్వే జోడించుకోవాలె,” అన్నాడు అమ్మేవాడు.

లోపల రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ ఇళ్లలో వాడిన సామానుకు చెక్క నమూనాలు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి: ఆరు కుర్చీలు, ఒంటికాలి గుండ్రబల్ల ఒకటి, రెండు తలుపుల బీరువా ఒకటి. కుర్చీకి పదకొండు ముక్కలు, బల్లకు అయిదు, బీరువాకు తొమ్మిది. మొత్తం ఎనభై ఉండాలి. రెండు కుర్చీకాళ్లు తగ్గాయి. వాటిని విరిగిపోయిన చెక్క స్కేలు నుంచి నేనే చెక్కాను. కాళ్లు నిటారుగా ఉండవు. మోకాలి దగ్గర ముందుకు వంగి, మడమ దగ్గర సన్నబడి, మేకకాలులా ఉంటాయి. కూర్చునే పలక నేల నుంచి సరిగ్గా ఒకటిన్నర అంగుళాల ఎత్తు.

వాటిని కొన్నది అమ్మ కోసం. మాది బందరు. నాన్నగారికి ఇక్కడికి బదిలీ అయిన తర్వాత వచ్చిన మొదటి దసరాకు, అంటే నిరుడు, అమ్మ ఎప్పటిలాగే బొమ్మల కొలువు పెట్టి, వీధిలోని ఆడవాళ్లందరినీ సాయంత్రం ఆరు గంటలకు పేరంటానికి పిలిచింది. తొమ్మిది రోజుల్లో ఒక్కరూ రాలేదు. రోజూ నానబెట్టిన శనగలను మరునాడు మేమే తాలింపు వేసుకుని తిన్నాం. ఈ ఏడాది కూడా ఎవరూ రాకపోతే బొమ్మల పెట్టెను బందరులో ఉన్న పిన్నికి పంపేస్తానని అమ్మ చెప్పేసింది. మళ్లీ కొలువు పెట్టనని అర్థం. కొత్త వస్తువు ఏదైనా ఉంటే చూడడానికైనా నలుగురు వస్తారని నాకు అనిపించింది.

పెట్టెలో గోధుమరంగు పలుకుల పొట్లం కూడా ఉంది. అది సరేసు, పశువుల ఎముకలు, తోళ్లు కాచి తీసే జిగురు. దాన్ని వేడినీళ్లలో కరిగించాలని నేను చెప్పగానే అమ్మ పొయ్యికి అడ్డం నిలబడింది.

“ఎముకలు కాచిన దాని మీద కొలువులో మన శెట్టమ్మ బొమ్మను కూర్చోబెడతావుటే?”

ఆఫీసులో వాడే తెల్ల జిగురునూ ఆమె నమ్మలేదు. దేనితో చేశారో సీసా మీద రాయలేదు. చివరికి మైదా ఉడికించి అంటించాను. అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపాలి. పిల్లలు ముట్టుకుంటారని దానికీ అమ్మ ఒప్పుకోలేదు. ఏ పిల్లలు వస్తారని నేను అడగలేదు.

పాడ్యమి నాడు కొలువులో గుండ్రబల్ల చుట్టూ ఆరు కుర్చీలూ వేశాం. కొండపల్లి బొమ్మలు నిలబడేవే కాబట్టి అవి కుర్చీలకు పనికిరాలేదు. కూర్చున్న భంగిమలో ఉన్నవి మట్టితో చేసిన శెట్టి, శెట్టమ్మ మాత్రమే. బాసింపట్టు వేసిన ఆ ఇద్దరినీ ఇంగ్లిష్ కుర్చీల మీద ఎక్కించాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ఎవరూ రాలేదు. విదియ నాడూ అంతే.

తదియ ఉదయం చూస్తే నాలుగు కుర్చీలు కూలి ఉన్నాయి. బొద్దింకలు అతుకుల్లోని మైదాను తినేశాయి. మిగిలిన పని శెట్టి దంపతుల బరువు చేసింది: తమ రెండు కుర్చీలతో పాటు పక్క రెండింటినీ పడగొట్టారు. శెట్టమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా విరిగింది.

అమ్మ ముక్కలు ఏరి, మక్కు చేద్దామంది. కొండపల్లి వాళ్లు బొమ్మల చేతులు, కాళ్లు అతికించేది దానితోనే: చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికించి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. చింతగింజలు ఉన్నాయి కాని మా అద్దె ఇంట్లో రోలు లేదు. రైల్వే గ్యాంగులో పని చేసే పక్కింటాయన భార్యను అడిగాను. ఆమె రోలు ఇస్తానంది. ఎందుకో చూడాలని నా వెంటే వచ్చింది.

“ఏందమ్మా, కుర్సీలు గిట్ల పండుకున్నయ్? మీ శెట్టి మస్తు తిన్నడా ఏంది?”

అమ్మ నవ్వలేదు. తినడానికి ఎవరైనా వస్తే కదా, రెండేళ్లుగా పిలుస్తూనే ఉన్నాను, అంది.

“గా యాళ్లకు మేం బతుకమ్మ ఎత్తుకొని పోతమమ్మా. ఆరు గొడితే గల్లీల ఆడిమనిషి ఇంట్ల ఉంటదా? మేం పిలిస్తే గూడ మీరు రాకపోతిరి. మీరే మాతోని కలువరనుకున్నం.”

“పేరంటం పెట్టుకుని ఇల్లు వదిలి ఎట్లా రాను? ఆ వేళ కుదరదని ఒక్కమాట చెప్పొచ్చుగా?”

“మీరు అడిగితె గద,” అందామె. “పొద్దుగాల పిలువుండ్రి. పదికల్ల మగోళ్లు పనులకు పోతరు. పువ్వు తెచ్చి పేర్చేది పగటీలి, పన్నెండు గొట్టినంకనే.”

వేయించి పొట్టు తీసిన గింజలను రాత్రంతా నానబెట్టాం. మరునాడు ఉదయం ఆమె ఇద్దరు తోడికోడళ్లను కూడా పిలుచుకొచ్చింది. ముగ్గురూ వంతులవారీగా గింజలు దంచి, రుబ్బారు. మక్కు పొర అర మిల్లీమీటరుకు తగ్గదు. అతుకుల్లో అంత సందు లేదు కనుక దాన్ని బయటి నుంచి మెత్తాల్సి వచ్చింది. మేకకాళ్లన్నీ ఏనుగుకాళ్లయ్యాయి. బీరువా తలుపులు ఆ తర్వాత పూర్తిగా మూసుకోలేదు. కుర్చీలు మాత్రం కదల్లేదు.

పంచమి ఉదయం పదిన్నరకు పదకొండు మంది వచ్చారు. పన్నెండింటికి శనగలు అయిపోయాయి. బతుకమ్మ చివరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం, ఆరింటికి పది నిమిషాల ముందు, అమ్మ మా ఇంటికి తాళం వేసి వాళ్లతో వెళ్లింది.

ఆ ఏటి లెక్క ఇది. పెట్టెకు పదకొండు రూపాయలు. చింతగింజలు కిలోన్నర, ఇంట్లోవే. రంపపు పొట్టు ఉచితం. సరేసు పొట్లం వాడకుండానే పారేశాం. ఆరు కుర్చీల్లో ఒకటి అతకడానికి వీలు లేనంతగా విరిగింది, అయిదు మిగిలాయి. శెట్టమ్మ చెయ్యి అతికింది కాని చూపుడువేలు దొరకలేదు. బందరుకు బొమ్మల పెట్టె రవాణా ఖర్చు, లేదు.