చేపల గడిలో సున్నా

మా మేనమామ ఇరవై రెండేళ్లుగా ఒక గుంటకు కాపలా. ఎప్పుడో ఉల్క పడి చేసిన గుంట. దాని అడుగున సరస్సు ఉంది. నీళ్లు నోట్లో పెడితే నాలుక చురుక్కుమంటుంది, అంత చవుడు. ఊళ్లో అందరూ ఆయన్ని 'గుంట మామ' అంటారు. ఆయనకు రోషం లేదు. నాకుంది.

పొద్దున్నే దిగి, వేలు ముంచి నాలుకకు రాసుకుని, చవుడు తగ్గిందో పెరిగిందో చూసేవాడు. తర్వాత ఒడ్డున గొంతుక్కూర్చుని జానెడు బురదలో పురుగులు లెక్కపెట్టేవాడు. ఆ నీళ్లలో పచ్చటి నాచు, నాచును తినే నల్ల పురుగు, ఆ పురుగు కోసం దిగే పొడుగుకాళ్ల పక్షులు. అంతే అక్కడి లోకం. ఆఫీసు ఇచ్చిన రిజిస్టరులో పురుగులకు గడి లేదు. చేపలకుంది. ఏ చెరువుకైనా అదే రిజిస్టరు మరి! అందుకని చేపల గడిలో నెలనెలా సున్నా వేసి, పురుగుల లెక్కను మార్జిన్లో చీమతలకాయంత అక్షరాలతో ఇరికించేవాడు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరు సున్నాలు చూశాడు. మార్జిన్ చూడలేదు. లారీలో పదివేల చేపపిల్లలు తెప్పించాడు.

"బతకవు సార్. ఒక్క చుక్క నోట్లో వేసుకుని చూడండి" అని మామయ్య అడ్డం నిలబడ్డాడు.

"నువ్వా నాకు చెప్పేది? తప్పుకో!"

మధ్యాహ్నానికి అన్నీ తెల్లటి పొట్టలతో తేలాయి. మూడు రోజులు మామయ్యే బుట్టలతో ఎత్తిపోశాడు. నాలుగో రోజు మెమో వచ్చింది: కాపలాదారు నిర్లక్ష్యం వల్ల కొన్ని చేపలు చనిపోయినవి, వచ్చే నెలా సున్నాయే ఉంటే కాలవ తవ్వి మంచినీళ్లు వదలబడును.

"మంచినీళ్లొస్తే పురుగు పోతుందిరా. పురుగు పోతే పిట్ట రాదు" అన్నాడు మామయ్య.

"అయితే పదివేలున్నాయని రాసెయ్ మామయ్యా. ఎవడు దిగి చూస్తాడు?"

"ఒరేయ్, ఇన్నేళ్లలో ఒక్క పురుగును కూడా ఎక్కువ రాయలేదురా నేను!"

వంటింట్లోంచి అత్త అందుకుంది. "ఆ పురుగులకిచ్చే మర్యాదలో సగం నాకిచ్చుంటే ఇల్లు బాగుపడేది. రాయండి, చెయ్యేం పడిపోదు."

రాశాడు. చేపలు: 9,640.

"పదివేలు కాదేం?"

"కొన్నైనా చచ్చుంటాయి కదరా."

కాలవ మాట ఆగిపోయింది. ఇరవై రోజులకు బంగారు రంగు అంచుతో ప్రశంసాపత్రం వచ్చింది. నిజం రాస్తే మెమో, అబద్ధం రాస్తే మెచ్చుకోలు! చదువు మానేశానని నాకు ప్రతివాడూ గడ్డి పెట్టేవాడే. చదివి కుర్చీ ఎక్కినవాడు ఒక్క చుక్క నీళ్లు నాలుక మీద వేసుకోలేకపోయాడే, వాణ్ణి అడిగే దిక్కేది?

ఒళ్లు మండి ఆ కాగితాన్ని చింపబోయాను. మామయ్య లాక్కున్నాడు.

"చింపకురా! వెనకంతా తెల్లగా ఉంది."

తిరగేసి, స్కేలు పెట్టి గళ్లు గీశాడు. మొదటి గడి మీద, ఈసారి పెద్ద అక్షరాలతో, 'నల్ల పురుగు' అని రాశాడు.