జీపు ఆగిన అరగంట

పొద్దున్నే ఉదయగిరిలో షేరింగ్ జీపెక్కి వెంటనే నిద్రపోయాను. ఆత్మకూరులో మెలకువ వచ్చేసరికి సరిగ్గా గంట అయింది. సుమారు యాభై కిలోమీటర్లకు గంట. డ్రైవరు నిదానస్తుడే అనుకున్నాను.

దారిలో ఎక్కిన అవ్వ దిగుతూ అతనితో అంది: "నేను బర్రెను పిండుకోనొచ్చిందాకా అరగంట ఆపినావు. సల్లంగుండు నాయనా."

అయితే బండి నడిచింది అరగంటే! సగటే వంద. మలుపుల్లో తగ్గించే ఉంటాడు కాబట్టి, తిన్నని రోడ్డు మీద ఇంకెంత తోలాడో!

"ఇంత స్పీడా? అందరినీ చంపేసేవాడివి కదయ్యా!" అని అరిచాను.

జీపులో వాళ్ళంతా నావైపు అదోలా చూశారు. డ్రైవరు నాకంటే ఎక్కువ అదిరిపడ్డాడు.

"ఏంది సార్, అవ్వను వదిలేసి రమ్మంటారా?"