జీతం పెరిగిన ఏడాది మా వదిన

మా వదిన చేతి దెబ్బ తినకుండా ఆ యూనివర్సిటీలో కరెంటు చదువు పూర్తి చేసినవాడు లేడు. దెబ్బ అంటే మాటవరసకి అన్నది కాదు. చెక్క స్కేలుతో, మణికట్టు మీద, ఫట్‌మని. ఆ చప్పుడు వరండా చివరిదాకా వినిపించేది.

వదిన అక్కడ ప్రొఫెసరు, ఆమె పెట్టే పరీక్ష అలాంటిది. ల్యాబ్‌లో గోడ పొడుగునా బోర్డులుంటాయి. ఒక్కో బోర్డుకి ఒక మెయిన్ స్విచ్చి, దాని కింద వైర్లు, పక్కన బల్ల మీద ఇనప మోటారు. పిల్లలు రాకముందే వదిన ఆ వైరింగులో ఎక్కడో ఒక తప్పు పెట్టేది. ఎర్త్ వైరు ఊడదీసి, ఇంకో వైరు తొక్క ఒలిచి మోటారు ఒంటికి తగిలించేది, అనుకోండి. అప్పుడు స్విచ్చి వేస్తే మోటారు ఒళ్లంతా కరెంటే. అలా తప్పు పెట్టిన బోర్డు స్విచ్చికి ఎర్రగుడ్డ పీలిక ఒకటి కట్టేది. గుడ్డ ఉన్నంతసేపూ స్విచ్చి వెయ్యకూడదు, కరెంటు లేకుండానే వెతికి తప్పు పట్టుకోవాలి. పట్టుకోలేక "అంతా బాగానే ఉంది మేడం" అంటూ చెయ్యి స్విచ్చి మీదికి పోయిందా, స్కేలు దిగేది. తప్పు పెట్టినవాళ్లే దాన్ని సరిచూసుకోవాలి, ఆ తర్వాతే గుడ్డ వాళ్ల చేత్తో వాళ్లే విప్పాలి. ఆ డిపార్టుమెంటులో అది ఎవరూ తప్పని కట్టుబాటు.

"గాడిదల్లా ఎదిగినవాళ్లని కొట్టడమేంటి వదినా?" అని ఒకసారి అడిగాను.

"నేను కొడితే వాపు. కరెంటు కొడితే శవం. ఏది కావాలో వాళ్లనే అడుగు అబ్బాయ్" అంది.

ఆమెకి నగల పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు. తన ల్యాబ్‌లో ఒక్క చెయ్యి కూడా కాలలేదన్న గర్వం మాత్రం కొండంత ఉండేది. నేను బస్సు డ్రైవర్ని, యాక్సిడెంటు చెయ్యని డ్రైవరు గర్వం ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే ఆ స్కేలు సంగతి మళ్లీ ఎత్తలేదు.

అప్పట్లో ప్రొఫెసర్ల జీతం నలుగురిలో చెప్పుకోవడానికే సిగ్గేసేది. అన్నయ్య పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక ఇల్లు ఆమె ఒక్కదాని మీదే నడిచింది. పగలంతా యూనివర్సిటీ, సాయంత్రం ఊరవతల ప్రైవేటు కాలేజీ. నా బస్సులోనే వెళ్లేది. కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయేది, మలుపు తిప్పినప్పుడల్లా ఆమె నుదురు కడ్డీకి కొట్టుకోవడం అద్దంలో కనిపించేది.

ఒకరోజు ఆ నిద్ర ల్యాబ్‌లోనే ముంచుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని కన్ను మూసింది. ఒకడి చెయ్యి స్విచ్చి మీదికి పోయింది, స్కేలు దిగలేదు. మోటారు మీద ఆన్చిన మోచేతికి కరెంటు కొట్టి వాడు ఎగిరి వెనక బల్ల అంచుకి తగిలాడు. చెయ్యి కాలలేదు, తల పగిలింది. వదిన చీర కుచ్చిళ్ల మీద వాడి రక్తంతో ఇంటికొచ్చి, అన్నయ్య అందించిన మంచినీళ్ల గ్లాసు గోడకేసి కొట్టింది.

"జీతమన్నా పెంచాలి, నన్ను ఉద్యోగంలోంచన్నా పీకెయ్యాలి. లేకపోతే ఏదో ఒకరోజు ఎవర్నో చంపేస్తా" అని ఏడ్చింది.

జీతాల కోసం ప్రొఫెసర్లు చేసిన సమ్మెలో ఆమె ముందు వరసలో నిలబడింది అందుకే. యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసులు లాఠీలు ఎత్తిన రోజు నా బస్సు ఆ గుంపు వెనకాలే ఇరుక్కుపోయింది. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు చెప్పులు వదిలేసి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. లెక్కల ప్రొఫెసరు ఒకాయన మురిక్కాలవలో పడి లేవలేకపోతుంటే, ఆయన్ని లేపబోయిన మా వదిన మూతి మీద లాఠీ పడింది. నేను స్టీరింగు వదిలేసి దూకాను. ఎవరెవర్ని తోశానో తెలీదు, నా వీపు మీద ఎన్ని పడ్డాయో తెలీదు. ఆమెని భుజాన వేసుకొచ్చి ముందు సీట్లో పడేసి, ప్రయాణికులతో సహా బస్సుని ఆసుపత్రికి తిప్పేశాను.

బస్సులో ఒక పెద్దమనిషికి ఒళ్లు మండింది.

"మా పనులు చెడగొట్టి మీ జీతాలు పెంచుకుంటారా? పెంచితే మాత్రం పాఠాలు బాగా చెప్పి చస్తారా ఏంటి?"

వదిన లేచి నోట్లో రక్తం కిటికీలోంచి ఉమ్మింది. రక్తంతోపాటు పన్ను కూడా పోయింది. ఆయన కాలరు గుప్పిట పట్టి, "పెంచి చూడవయ్యా, అప్పుడు మాట్లాడు!" అంది. ఆయన ప్రశ్న మాత్రం నా చెవిలో జోరీగలా ఉండిపోయింది.

జీతాలు పెరిగాయి. కొద్దిగా కాదు, బాగానే పెరిగాయి. వదిన సాయంత్రం కాలేజీ మానేసింది. కంటి కింద నలుపు పోయింది. స్కేలు మళ్లీ సమయానికి దిగడం మొదలుపెట్టింది. "చూశావా?" అన్నట్టు నన్ను చూసి పన్ను లేని సందుతో నవ్వేది. నేనూ ఒప్పుకున్నాను.

కానీ జీతం పెరిగితే కుర్చీకి కూడా గిరాకీ పెరుగుతుంది కదా. మొన్నటిదాకా రమ్మన్నా రాని ఉద్యోగానికి సిఫార్సులు క్యూ కట్టాయి. రిజిస్ట్రారుగారి మేనల్లుడు వదిన డిపార్టుమెంటులోనే వచ్చి దిగాడు. మడత నలగని చొక్కా, చేతికి బరువైన వాచీ. పిల్లలు మొదటిరోజే ఇస్త్రీ బాబు అని పేరు పెట్టేశారు. డిగ్రీలున్నాయి. వైరు తొక్క ఒలవమంటే మాత్రం నీళ్లు నమిలాడు. వదిన పళ్లు కొరుక్కుని, తప్పు ఎలా పెట్టాలో, గుడ్డ ఎప్పుడు విప్పాలో చెప్పింది. తల ఊపాడు.

ఆ ఏడాది పరీక్షల్లో చివరి జట్టుకి తప్పులు పెట్టి చూసింది అతనే. అయిపోగానే ఎవరో కారులో ఎదురుచూస్తున్నారని, ఏదీ సరిచూడకుండానే, సామాను సర్దినట్టు బోర్డులన్నిటికీ గుడ్డలు విప్పేసి సొరుగులో పెట్టాడు. ఒక బోర్డులో మాత్రం తప్పు అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మొదటి క్లాసు. అందరూ బక్కపిల్ల అని పిలిచే అమ్మాయి ఆ బోర్డు దగ్గర నిలబడింది. గుడ్డ లేదు. మోటారు మీద కుడిచెయ్యి ఆన్చి, ఎడంచేత్తో స్విచ్చి వేసింది.

అరుపు కూడా రాలేదట. కరెంటు ఆ చేతిని మోటారుకి అతికించేసింది. వదిన ల్యాబ్ అవతలి కొసనుంచి పరిగెత్తి, స్కేలుతో స్విచ్చి మీద కొట్టి, చెక్కస్టూలుతో పిల్లని పక్కకి నెట్టింది. ప్రాణం దక్కింది. రెండు వేళ్లు దక్కలేదు. ఆ కమురువాసన ల్యాబ్‌లోంచి వారం దాకా పోలేదు.

గంట తిరక్కముందే కుర్రాళ్లు ఇనప రాడ్లు పట్టుకుని వచ్చారు. అద్దాలు పగిలాయి, బోర్డులు గోడలనుంచి ఊడిపడ్డాయి. "జీతాలు మీకు, చావులు మాకా?" అని ఒకటే అరుపులు. ఇస్త్రీ బాబు స్టోరు గదిలో దూరాడు. ఆ గది గుమ్మంలో మా వదిన స్కేలు పట్టుకుని నిలబడింది. రాయొచ్చి నుదుటి మీద తగిలింది. రక్తం కంట్లోకి కారుతుంటే తుడుచుకోకుండానే, ముందుకొచ్చిన రాడ్డు పట్టుకున్న మణికట్టు మీద ఒక్కటిచ్చింది. అలవాటైన దెబ్బ కదా, వాడు రాడ్డు వదిలేశాడు.

"వీణ్ని చంపితే రేపు ఇంకొకడొస్తాడ్రా. వాడికీ ఏమీ రాదు. రోజుకొకణ్ని చంపుతారా? వీడికి నేర్పుతాను. నేర్పలేకపోతే అప్పుడు నన్ను కొట్టండి."

కబురు తెలిసి నేను వెళ్లేసరికి గుంపు చెదిరిపోయింది. స్టోరు గదిలోంచి ఇస్త్రీ బాబు బయటికొచ్చాడు. వదిన నుదుటి మీద రక్తం చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. వాడి చెంప పగలగొట్టాను. రెండోది కొట్టబోతుంటే నా మణికట్టు మీద స్కేలు దిగింది. అన్నేళ్లలో ఆమె నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర.

"చెయ్యి తియ్యి. వీడిప్పుడు నా స్టూడెంటు" అంది.

రిజిస్ట్రారు తన మేనల్లుణ్ని చడీచప్పుడు లేకుండా వేరే కాలేజీకి మార్చెయ్యాలని చూశాడు. వదిన కట్టు కట్టిన తలతో ఆయన గదిలోకి వెళ్లి, "అక్కడి పిల్లలకి వేళ్లు లేవనుకున్నారా? వీడు నా పరీక్ష పాసయ్యేదాకా ఎక్కడికీ పోడు. పంపితే నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్తా" అని బల్ల గుద్ది వచ్చేసింది.

అప్పట్నుంచి సాయంత్రాలు, మళ్లీ గోడకి బిగించిన బోర్డుల ముందు, ఇస్త్రీ బాబుకి పరీక్ష. డ్యూటీ దిగి వదిన కోసం వెళ్లి నేను మూల స్టూలు మీద కూర్చునేవాణ్ని. తప్పు దొరికేది కాదు. "బాగానే ఉంది మేడం" అనేవాడు, ఫట్‌మనేది. వాచీ పెట్టుకునే చోట వాచిపోయి వాచీ పట్టడం మానేసింది. చొక్కా చెమటకి ముద్దయ్యేది. నాకు మొదట్లో కడుపు చల్లగా ఉండేది. పోనుపోను జాలేసింది, ఆ జాలి వేసినందుకు కోపమూ వచ్చింది.

"బస్సులో ఆయన అడిగింది నిజమే కదా వదినా? జీతం పెంచితే ఏం బాగుపడింది? ఇలాంటివాళ్లొచ్చారు" అన్నాను ఒకరోజు.

"వచ్చారు. నాకు సాయంత్రాలూ వచ్చాయి. ఈ సాయంత్రాలే లేకపోతే వీణ్ని ఎవడు కొడతాడు అబ్బాయ్?" అంది.

బక్కపిల్ల కట్టు విప్పాక తిరిగొచ్చింది. ఆ సాయంత్రం వదిన ఆమెని ల్యాబ్‌కి పిలిచి, బోర్డు చూపించి, "ఇవాళ తప్పు నువ్వు పెట్టు" అంది. స్కేలు కూడా ఆమెకే ఇచ్చింది. ఇస్త్రీ బాబు ముఖం పాలిపోయింది. ఆ పిల్ల అతనికి వీపు పెట్టి, ఎడంచేత్తో తప్పు పెట్టి, పళ్లతో లాగి ఎర్రగుడ్డ ముడి వేసింది.

అతను వెతికాడు. ఎంతకీ దొరకలేదు. "బాగానే ఉంది" అంటూ చెయ్యెత్తాడు. స్కేలు ఎంత బలంగా దిగిందంటే, ఇన్నేళ్లు విరగని చెక్క రెండు ముక్కలైంది. ఆ పిల్ల ఏడుస్తోంది. అతనూ ఏడుస్తున్నాడు. వదిన కదల్లేదు.

అతను కళ్లు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు. ప్రతి వైరూ వేలితో తడుముకుంటూ పోయాడు. బయట చీకటి పడుతుండగా, మోటారు అడుగున దాచిన ఒలిచిన వైరు బయటికి లాగాడు. సరిచేసి, ఎర్త్ బిగించి, ఎర్రగుడ్డ మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు.

"తప్పు పెట్టింది మీరు. గుడ్డ మీరే విప్పాలి" అన్నాడు.

ఆ పిల్ల మోటారంతా సరిచూసి, కుడిచెయ్యి ఎత్తింది. మిగిలిన మూడు వేళ్లకీ ముడి లొంగలేదు. చాలాసేపు పట్టింది. నేను లేవబోతే వదిన కళ్లతోనే కూర్చోబెట్టింది. ఇస్త్రీ బాబు ఆ వేళ్లనే చూస్తూ, చూపు తిప్పుకోకుండా నిలబడ్డాడు. చివరికి గుడ్డ ఊడింది. ఆ పిల్ల దాన్ని అతని చేతిలో పెట్టింది.

"రేపు మా క్లాసుకి తప్పు మీరే పెట్టండి సార్. ముందు నేనే వెతుకుతా."