నేను చదవని మూడు వాక్యాలు

ఒక ఉత్తరంలో మూడు వాక్యాలు మింగేశాను. పద్దెనిమిదేళ్లయింది. ఇంకా అరగలేదు.

నా పేరు చెప్పను. చెబితే మా ఊళ్ళో నన్ను ఎరగనివాళ్ళు లేరు, చెప్పకపోతే మీకు పోయేదీ లేదు. కృష్ణపట్నం రేవుకి దగ్గర్లో, చేపలు పట్టేవాళ్ళ పాలెం పక్కనే మా ఇల్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. మా ఆయన ఓడలకి కూరగాయలు, కోడిగుడ్లు అందించే కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. దాచుకున్నది బీరువాలో ఉంది. నాలుగు ఆల్బమ్‌లు. స్టాంపులు, ముద్రలు, బొమ్మల కవర్లు. అన్నీ బేస్‌బాల్‌వే.

నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్ళూ నవ్వారు. బేస్‌బాల్ ఆడేవాణ్ణి నేను ఇంతవరకూ కళ్ళారా చూడలేదు. మా పిల్లకాయలకి తెలిసిందల్లా క్రికెట్టే. ఒకరోజు మా ఆయన ఓడలో వంటవాడు ఇచ్చాడని ఒక ఖాళీ కవరు తెచ్చి నా ముందు పడేశాడు. స్టాంపు మీద ఒకడు రోకలి లాంటి కర్ర ఎత్తి నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు గొంతుక్కూర్చుని, మొహానికి జల్లెడ కట్టుకుని, ఒక్క చేతికే ఇంత లావు తొడుగు వేసుకుని ఉన్నాడు. ఆ జల్లెడ ఎందుకు? రెండో చేతికి తొడుగు ఏది? మా ఆయన్ని అడిగితే, తేనె పట్టేవాడేమోలే అన్నాడు. ఆ జవాబుతో నాకు నిద్ర పట్టలేదు. నా గుణం అంత. ఏదైనా బొమ్మ చూస్తే దాని వెనక ఏముందో తెలియాలి. తెలిసేదాకా చేతిలో ఉన్న జాకెట్టు కూడా వంకరగా కుడతాను.

కొన్నాళ్ళకి అట్లాంటి జల్లెడ మనిషి బొమ్మతోనే అమెరికా స్టాంపు ఒకటి దొరికింది. నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తే దాని వెనక చిన్న చిన్న అక్షరాలు! ఇంగ్లీషులో నాలుగు వరుసలు. పదో తరగతి చదువు, ఒక పాత డిక్షనరీ పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. కూర్చున్నవాడు బంతి పట్టేవాడని, జల్లెడ పళ్ళు రాలిపోకుండా కట్టుకున్నదని అప్పుడు తెలిసింది. ఆ సంతోషం ఎట్లా చెప్పను? ప్రపంచం నాకోసమే స్టాంపు వెనక ఒక చీటీ అంటించి పంపినట్టుంది. అప్పటినుంచి ఏ బేస్‌బాల్ స్టాంపు కనబడినా ముందు నీళ్ళలో వేయాల్సిందే. వెనక ఏముందో చూడాల్సిందే. అన్ని దేశాలవాళ్ళూ అట్లా రాయరని నాకప్పుడు తెలియదు.

పాలెంలో ఆడవాళ్ళకి చదువు రాదు. మొగవాళ్ళలో కొందరు గల్ఫుకి, కొందరు ఓడల్లోకి పోయారు. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ పాలెంలో ఇంటింటికీ రాలేదు. ఉత్తరం వస్తే నా దగ్గరికే తెచ్చేవారు. చదివి, జవాబు కూడా రాసిపెట్టేదాన్ని. డబ్బు తీసుకునేదాన్ని కాదు. కాయితం వాళ్ళది, కవరు నాది. అదే మా మధ్య పద్ధతి. కవరు అందుకోగానే స్టాంపు నానేసి, అది నానేలోపు ఉత్తరం చదవడం నాకు అలవాటైంది.

పోలమ్మక్క గంపతో చేపలు అమ్మేది. ఇప్పటికీ అమ్ముతుంది. ఆమెకి ఒక్కడే తమ్ముడు, చెంగయ్య. గాలి ఎక్కువగా ఉంది, వద్దురా అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా, వాళ్ళ నాయన పడవని ఏరు సముద్రంలో కలిసే మొగ దాటించబోయి బద్దలు చేసుకొచ్చాడు. వాడు ఈదుకుంటూ వచ్చాడు, పడవ రాలేదు. నాయన ఆ దిగులుతో మంచం పట్టి పోయాడు. కర్మంతరం రోజున పోలమ్మక్క అందరి ముందు, నా గుమ్మం తొక్కొద్దురా అనేసింది. వాడు ఆ రాత్రే వెళ్ళిపోయాడు. ఓడ ఎక్కాడని ఎవరో చెప్పారు. మూడేళ్లు మాటా పలుకూ లేదు.

మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం పోలమ్మక్క ఖాళీ గంప చంకన పెట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో కవరు. జపాన్ నుంచి. చూడగానే నా గుండె ఝల్లుమంది. ఆమె తమ్ముడు బతికున్నాడని కాదు. కవరు ఎడమవైపు పెద్ద ఆటస్థలం బొమ్మ అచ్చువేసి ఉంది. కుడివైపు స్టాంపు. దాని మీద ఒక పిల్లవాడు నేలమీద బోర్లా పడి, చేయి చాచి తెల్లటి దిండు లాంటిదాన్ని ముట్టుకుంటున్నాడు. సగం స్టాంపు మీద, సగం కవరు మీద ఇటుక రంగు గుండ్రటి ముద్ర, ముద్రలో బ్యాటూ బంతీ. వీడు ఎందుకు పడ్డాడు? ఓడిపోయాడా? సాష్టాంగ నమస్కారం చేస్తున్నాడా?

పక్క అంచు చించి కాయితం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ముద్ర మీద కత్తెర వేయబుద్ధి కాలేదు. తాంబాళంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి కవరు కవరంతా పడుకోబెట్టాను. వెనక్కి తిప్పి చూడలేదు. పోలమ్మక్క ఎదురుగా నేలమీద కూర్చుని నా నోటివంకే చూస్తోంది. నేను ఒక కంటితో ఉత్తరాన్ని, ఒక కంటితో తాంబాళాన్ని చూస్తూ చదవడం మొదలుపెట్టాను.

"అక్కా, నేను బాగుండాను. నాయన్ని తలుచుకోని రోజు లేదు. తప్పు నాదే." పోలమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఓడ సంగతులు, చలి సంగతులు రాశాడు. తర్వాత నా మాటే వచ్చింది. "ఈ బొమ్మల కవరు పోస్టాఫీసులో అమ్మతా ఉంటే కొన్నా. మిషనక్క బిళ్ళలు దాస్తాది గదా, ఆమెకి ఇస్తే మనసుపెట్టి చదివి పెడతాది." ఆ వాక్యం గొంతు పెంచి మరీ చదివాను. సిగ్గులేకుండా నవ్వాను కూడా.

తాంబాళంలో కవరు అంచుల కింద నుంచి నీలంగా ఏదో పాకుతోంది. బొమ్మ రంగు కరుగుతోందేమో అనుకున్నాను. చివరి వరుసలకి వచ్చాను.

"అడ్రసు కవరు ఎనక రాసినా. ఓడ ఆరు నెలలు ఈడనే రిపేరులో ఉంటాది, నీ జవాబు వస్తే ఇంటికి వచ్చేస్తా. రాకపోతే నీకు కోపం తగ్గలేదనుకుని ఇంక రాయను."

కళ్ళతో చదివాను. నోరు ఆగిపోయింది. నీళ్ళు చూశాను. సిరాబుడ్డి ఒలికినట్టు నీలం. ఆ ఒక్క క్షణంలో నేను ఎన్ని ఆలోచించానో ఇప్పుడు చెబితే మీరు నమ్మరు. కవరు ఇప్పుడే తీస్తే ఏమైనా మిగులుతుందా? నిజం చెబితే ఏమవుతుంది? పోలమ్మక్క నోరు మంచిది కాదు, నడివీధిలో నిలబెట్టి కడిగేస్తుంది. పాలెమంతా తెలుస్తుంది. ఆ తర్వాత నాకు కవరు ఎవరిస్తారు? అవును, నేను భయపడింది పరువు కోసం కాదు. కవర్ల కోసం. ఇన్నేళ్లూ పరువు కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. ఈ రోజు రాస్తుంటే అది కూడా అబద్ధమే అని తేలింది.

"ఇట్లు, నీ తమ్ముడు చెంగయ్య" అని ముగించాను.

"అంతేనా?"

"అంతేనక్కా."

"జవాబు రాయమని లేదా?"

"లేదు."

"యాడుండాడో అదన్నా రాయలేదా?"

"జపాన్ అని ఉంది. అంతకుమించి లేదక్కా."

పోలమ్మక్క కాసేపు నేలమీద వేలితో గీతలు గీసింది. "పోనీలే, బతికుండాడు. అది చాలు" అని లేచింది. గంపలో అడుగున మిగిలిన రెండు కానాగంత చేపలు నా వాకిట్లో పెట్టి పోయింది. పులుసు పెట్టాను. తిన్నాను. మా ఆయన బాగుందన్నాడు.

ఆ సాయంత్రం స్టాంపు ఊడింది. తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. తెల్లగా, జిగురుగా ఉంది, అంతే.

ఆరు నెలలు ఉంది కదా, ఏదో ఒకటి చేసి ఉండొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేశాను. చేశానని చెప్పుకోవడానికి సరిపోయేటంత చేశాను. ముద్రలో ఊరి పేరు వాళ్ళ బొమ్మల లిపిలో ఉంది. స్టాంపులు మార్చుకునే స్నేహితులు ఉత్తరాల ద్వారా ఒకరిద్దరు ఉండేవారు, వాళ్ళనడిగి ఊరి పేరు తెలుసుకునేసరికి నాలుగు నెలలు గడిచాయి. చెంగయ్య పేరు, ఆ ఊరి పేరు రాసి, మీ అక్కకి కోపం లేదు, వచ్చెయ్యి అని పోస్టు చేశాను. పోలమ్మక్కకి చెప్పకుండా. చాలాకాలానికి ఆ ఉత్తరం తిరిగొచ్చింది, మనిషి దొరకలేదని ఊదారంగు ముద్రతో. అది చేతికి రాగానే నేను మొదట ఏం చూశానో తెలుసా? ముద్రలో బ్యాటు బొమ్మ ఉందా లేదా అని. ఆ తర్వాతే చెంగయ్య గుర్తొచ్చాడు. ఇట్లాంటి మనిషిని ఏమంటారు? తిట్టు వెతుక్కుంటే నాకు సరిపడేది దొరకలేదు.

వాడు మళ్ళీ రాయలేదు. రాలేదు. మాట మీద నిలబడ్డాడు.

పోలమ్మక్క మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు ఆ కాయితం ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని తెచ్చేది. "చదువు అమ్మాయ్, నీ నోట ఇంటే వాడు మాట్లాడినట్టే ఉంటాది." చదివేదాన్ని. ప్రతిసారీ ఆ మూడు వాక్యాల దగ్గర దాటేదాన్ని. మొదట్లో గొంతు వణికేది. పోనుపోను వణకడం మానేసింది. అలవాటైన దొంగకి కుక్క కూడా మొరగదు. ఈసారైనా చెబుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని. వాక్యం దాటిపోయాక, పోయిందిలే, వచ్చేసారి అనుకునేదాన్ని.

కవర్లు తడపడం ఆ రోజుతో మానేశాను. కవరుని కవరుగానే దాచాలని, ముద్రా చిరునామా అన్నీ ఉంటేనే దానికి విలువని తర్వాత తెలిసింది. నెల్లూరులో ఒక ప్రదర్శనలో నా ఆల్బమ్ పెట్టాను. తిరగేసిన పెద్దాయన ఒక్క కవరూ కత్తిరించలేదని మెచ్చుకుని, జపాన్ కవరు దగ్గర ఆగాడు. "ఇది తడిసి పాడైందమ్మా, దీన్ని తీసేయండి" అన్నాడు. తీయలేదు. తీసినా ఆ పేజీలో ఏముండేదో నాకు ఎప్పుడూ గుర్తే కదా, తీసి ఏం లాభం?

ఇక మొన్నటి సంగతి. పొదుపు సంఘంలో ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారు. పోలమ్మక్కకి ఈ వయసులో అక్షరాల పిచ్చి పట్టింది. బస్సు బోర్డు మీద కోవూరు అని చదివి, బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడిందట. శుక్రవారం పొద్దున వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, కాయితం విప్పింది. "ఇయ్యాళ నేనే చదువుతా. తప్పు బోతే దిద్దు."

వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒక్కో వాక్యానికీ ఎంతసేపో. కాఫీ తాగు అక్కా అన్నాను. తర్వాత తాగుతా అంది. వేలు చలి దాటింది. బొమ్మల కవరు దాటింది. ఇంకొక్క వరుస.

"అక్కా, ఆగు" అన్నాను. "ఆ కింద మూడు వాక్యాలు నీకు నేను ఎప్పుడూ చదవలేదు."

దీన్ని నా మంచితనం కింద రాసుకోకండి. వేలు ఇంకొంచెం జరిగితే ఎట్లాగూ దొరికిపోయేదాన్ని.

ఆమె నావంక చూడలేదు. కాయితంలోకే చూసింది. జ, వా, బు అని గుణించుకుంటూ మూడూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. అప్పుడడిగింది, "అడ్రసు ఏది?" ఆల్బమ్ తెచ్చి కవరు వెనకవైపు చూపించాను. నీలం మరక. బొటనవేలితో దాన్ని రుద్దింది, కింద ఏమైనా ఉంటుందేమోనని. నానేసిన సంగతి, దాచిన సంగతి, తిరిగొచ్చిన ఉత్తరం సంగతి అన్నీ చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని బిగపట్టాను.

"ఈ బిళ్ళ కోసమా?"

"ఊఁ."

"ఈడెందుకు కింద పడినాడు? ఇదేం ఆట?"

మా ఊళ్ళో ఎవరైనా ఒక్కరు ఆ ప్రశ్న అడుగుతారా అని ఇరవై ఏళ్లుగా చూశాను. ఆట మొత్తం ఇప్పుడు నాకు తెలుసు. గంటసేపు చెప్పగలను. వాడు పడలేదు, అవుటయ్యేలోపు ఆ దిండు ముట్టుకోవాలని దూకాడు. అది చెప్పకుండా ఆల్బమ్ మూసేశాను.

పోలమ్మక్క "కాయితం తీసుకో, రాయి" అంది. తీసుకున్నాను. "చెంగయ్యా, నాకు కోపం లేదు. నువ్వు పొయిన మూడో రోజే పొయింది. వచ్చెయ్. ఇట్లు మీ అక్క." తానే కలం పట్టుకుని కింద పోలమ్మ అని సంతకం చేసింది.

"యాడికి పంపాలక్కా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నాకేం తెలుసు? కడిగినదానివి నువ్వు. నువ్వే కనుక్కో."

తన కాయితం మడిచి జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అంటుందని నేనూ అనుకోవడం లేదు.

ఆ రాత్రే జపాన్‌లో నాకు ముద్రలు పంపే ఆయనకి రాశాను. ఈసారి స్టాంపు కాదు, మనిషి కావాలని. ఫోన్లో నెల్లూరు నుంచి ఓడలకి పోయినవాళ్ళ గుంపులన్నిట్లో చెంగయ్య పేరు పెట్టాను. చెంగయ్య బతికున్నాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు ఏ స్టాంపు వెనకా ఏముందో తెలుసుకోవాలని లేదు, ఈ ఒక్కటే తెలియాలి.

పోలమ్మక్క ఇప్పుడు మా వాకిట్లో గంప దించడం లేదు. వీధిలోనుంచే ఒక్క కేక వేస్తుంది, "దొరికినాడా?" మిషన్ ఆపి గుమ్మంలోకి వచ్చి, "ఇంకా లేదక్కా" అంటాను. ఆమె ఆగకుండా పోతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆమెకి నేను చెబుతూ వచ్చిన జవాబుల్లో నిజమైనది ఇదొక్కటే. ఆ మాట అన్న ప్రతిసారీ నా ఊపిరి కొంచెం తేలికవుతోంది. ఆమెకి అవుతోందో లేదో అడిగే హక్కు నాకు లేదు.